గటారి నాడు నాందేడ్‌లో నాలుగు గ్లాసులు

మహారాష్ట్రలో మందు తాగాలంటే చట్టం ప్రకారం చీటీ ఉండాలి. 1949 నాటి మద్యనిషేధ చట్టం అక్కడ ఇంకా బతికే ఉంది. పేరుకు నిషేధం, పక్కనే పర్మిట్. ఒక్కరోజుకు ఒక రకం చీటీ, జీవితాంతానికి ఇంకో రకం. బీరుకు 21 ఏళ్లు నిండితే చాలు, విస్కీ ముట్టాలంటే 25 నిండాలి. సోఫాలు, ఏసీ, ఎర్ర దీపాలు ఉన్న బారు బయట కూడా ‘పర్మిట్ రూమ్’ అనే బోర్డే వేలాడుతుంది. వైన్ షాపు పక్క రేకుల షెడ్డులో నిలబడి తాగే మన తెలంగాణ పర్మిట్ రూముకు అలవాటు పడ్డవాడికి ఇది కాస్త విడ్డూరం. నన్ను చీటీ ఎవరూ అడగలేదు. నెరిసిన మీసం చూసి వయసు కూడా అడగలేదు.

నేను వెళ్లింది 2025 జూలై 24న. ఆషాఢ అమావాస్య. మరాఠీ వాళ్లకు అది గటారి. మర్నాటి నుంచి శ్రావణం కాబట్టి నెలంతా మాంసం, మందు మానేసేవాళ్లు ఆ రోజు కడుపారా కానిస్తారు. ఇళ్లలో ఆడవాళ్లు దీపపు కుందులు తోమి పూజ చేసేదీ ఆ రోజే. ఒకే తిథికి ఇంట్లో ఒక పండగ, బజార్లో ఇంకో పండగ. ఈసారి అమావాస్య గురువారం వచ్చింది. గురువారం నీచు ముట్టనివాళ్లు ముందురోజే పని పూర్తి చేసుకున్నారట. అయినా బారు నిండే ఉంది. మెట్లెక్కుతుంటేనే మటన్ సుక్కా మసాలా ఘాటు ముక్కుకు తగిలింది. సింగిల్ మాల్ట్ వాసన పట్టి చూడ్డానికి ఇంతకంటే చెడ్డ రోజు దొరకదు. కానీ మా లెక్చరర్ మిత్రుడికి శ్రావణం వస్తే నెలరోజులు సెలవే, అందుకని ముహూర్తం అదే కుదిరింది.

నిజామాబాద్‌లో రైలెక్కితే నవీపేట, బాసర, ధర్మాబాద్, ఉమ్రి, ముద్ఖేడ్ దాటి నాందేడ్. బాసర దగ్గర గోదావరి వంతెన మీద బండి నెమ్మదిస్తుంది, పెట్టెలో సగం మంది చిల్లర తీసి నీళ్లలో వేస్తారు. కొద్దిసేపటికే ధర్మాబాద్. అక్కడి మిరప బజారు ప్రసిద్ధి. ఆ స్టేషన్లో దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు తెలుగులోనే తిట్టుకుంటారు. రాష్ట్రం ఎక్కడ మారిందో రైల్లో కూర్చున్నవాడికి స్టేషను బోర్డు చూస్తే తప్ప తెలియదు. 1948 సెప్టెంబరు దాకా ఇదంతా నిజాం రాజ్యమే. 1956లో నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయ్యింది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నాందేడ్ ఊళ్లో పద్మశాలీల వాడలున్నాయి. బీఆర్ఎస్ మహారాష్ట్రలో తొలి సభ పెట్టడానికి 2023 ఫిబ్రవరిలో నాందేడ్‌నే ఎంచుకోవడం ఊరికే జరగలేదు.

బల్ల చుట్టూ నలుగురం. ఒకరు కెమిస్టు సారు. బోధన్ దగ్గర శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో మొలాసిస్ నుంచి స్పిరిట్ తీసే పని చేసి రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. సారు ఇప్పుడు కొడుకు దగ్గర నాందేడ్‌లో ఉంటారు. రెండోవాడు లెక్చరర్, మరాఠీ మనిషి, మాతో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, ఊపు వస్తే తెలుగులోకి దిగుతాడు. మూడో ఆయన బట్టల వ్యాపారి, పద్మశాలి. “మా ఇంట్ల తెలుగు, దుకాన్ల మరాఠీ, ఉద్దెర వసూలుకు హిందీ” అంటాడు. మెడలో తులసిమాల. ఆషాఢ ఏకాదశికి పండరిపురం వెళ్లొచ్చి మూడు వారాలు కాలేదు. ఆ మాల వేసుకున్న మాలకరీలు మందు, మాంసం ముట్టరు. గటారి నాడు బారులో నిమ్మ సోడా తాగుతూ కూర్చున్న ఏకైక మనిషి బహుశా ఆయనే. స్నేహం కోసం వచ్చాడు. ఆ రాత్రి అందరికంటే బాగా పనిచేసిన ముక్కు ఆయనదే అని తర్వాత తేలింది.

గోడ మీద టీవీలో ఆ సాయంత్రం ఒకటే వార్త. బ్రిటన్‌లో మోదీ, స్టార్మర్ నిలబడి ఉండగా మంత్రులు వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. కింద పట్టీలో ‘స్కాచ్ చౌక’ అని పరుగు. వెయిటర్ కుర్రవాడు ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయి అడిగాడు: “రేపటి నుంచి తగ్గుతుందా సార్?” కెమిస్టు సారు నవ్వారు. దిగుమతి సుంకం అప్పటికి 150 శాతం. ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు 75 అవుతుంది, పదో ఏటికి 40. అది ఓడలో దిగిన సరుకు ఖరీదు మీద లెక్క. ఆ పైన రాష్ట్రం వేసే ఎక్సైజు, పన్నులు అలాగే ఉంటాయి. “నీ మెనూ కార్డు మార్చేటందుకు తొందరపడకు బిడ్డా” అన్నారు. తాగే లెక్క చూస్తే మనం చిన్నవాళ్లం కాదు. 2024లో స్కాట్లాండు నుంచి ఇండియాకు 19.2 కోట్ల సీసాలకు సరిపడా స్కాచ్ వచ్చింది. పరిమాణంలో ప్రపంచంలో మొదటి స్థానం. అందులో ఎక్కువ భాగం పీపాల్లో వచ్చి ఇక్కడ సీసాల్లోకి ఎక్కే బ్లెండెడ్ సరుకు. సింగిల్ మాల్ట్ వాటా కొంచెమే. నాందేడ్ లాంటి ఊళ్లో అది అరలో అలంకారంగా ఉంటుంది. ఆ బారులో ఉన్నవే నాలుగు: గ్లెన్‌లివెట్ 12, గ్లెన్‌ఫిడిక్ 12, టాలిస్కర్ 10, మన బెంగళూరు అమృత్ ఫ్యూజన్. ఒక్క పెగ్గు ధరకు కింద వైన్ షాపులో దేశీ బ్రాండు క్వార్టర్లు రెండొస్తాయి.

సారు పెట్టిన పద్ధతి వెయిటర్‌కు ఏమాత్రం నచ్చలేదు. ఒక్కో రకం ఒక్క లార్జ్ మాత్రమే, అరవై మిల్లీలీటర్లు. దాన్ని ముగ్గురం పంచుకోవాలి. ఐసు వద్దు, సోడా వద్దు, నంజుకునే చఖ్నా ఇప్పుడే వద్దు. వెడల్పు గ్లాసులు వెనక్కి పంపి, పొట్ట లావుగా మూతి సన్నగా ఉన్న వైన్ గ్లాసులు అడిగారు. అవి ఏ అల్మారాలో ఉన్నాయో వెతకడానికే చాలాసేపు పట్టింది. వచ్చాక సారు ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి, జేబురుమాలు తీసి, మూతి అంచు చుట్టూ రెండుసార్లు తుడిచారు. సబ్బు వాసన ఉందేమోనని ఖాళీ గ్లాసునే ముక్కు దగ్గర పెట్టి పీల్చారు. పక్క బల్ల వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారు. వాళ్ల బల్ల మీద అప్పటికే ఒక ఫుల్ బాటిల్ మెడ దాటి దిగింది.

“నోటికంటే ముందు ముక్కు” అన్నారు సారు. “గ్లాసును ముక్కుకు ఆనిస్తే స్పిరిట్ కొడతది. జర దూరం పెట్టు. నోరు తెరిచి పీల్చు.”

గ్లెన్‌లివెట్ మొదటిది. లేత రంగు, తేలిక. ముక్కుకు అనాసపండు తగిలింది, నాలుకకు తేనె తీపి. నాకు రుచికంటే దాని కథ నచ్చింది. 1823లో బ్రిటిషు ప్రభుత్వం ఎక్సైజు చట్టం మార్చి లైసెన్సు సులభం చేసింది. మరుసటి ఏడు లివెట్ లోయలో జార్జి స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. లోయంతా దొంగసారా కాచేవాళ్లే. సర్కారుకు పన్ను కట్టే మొదటివాడు వాళ్ల కంట్లో నలుసయ్యాడు. బట్టీ తగలబెడతామన్నారు. పక్క జమీందారు ఒకాయన రెండు పిస్టళ్లు ఇస్తే స్మిత్ వాటిని నడుముకు పెట్టుకుని తిరిగాడు. గుడుంబా బట్టీల ఊళ్లో పుట్టిన మా సారుకు ఇది ఎన్నిసార్లు చెప్పినా విసుగు లేదు. “మన తాన లైసెన్సు లేనోడు భయపడతడు, ఆడ లైసెన్సు ఉన్నోడు భయపడ్డడు” అని బల్ల చరిచారు.

గ్లెన్‌ఫిడిక్ గురించి ఎక్కువ చెప్పను. మూడు పలకల పచ్చ సీసా, అందరికీ తెలుసు. 1887 క్రిస్మస్ నాడు మొదటి ధార కారింది. 1960ల్లో, మిగతావాళ్లంతా బ్లెండెడ్ అమ్ముకుంటున్నప్పుడు, సింగిల్ మాల్ట్‌ను సింగిల్ మాల్ట్‌గానే బయటి దేశాలకు మోసుకెళ్లిన ఘనత వాళ్లది. ఆ ఘనతకు నమస్కారం. గ్లాసులో మాత్రం బేరిపండు వాసన, మర్యాద, అంతే. ఏ తప్పూ లేదు, గుర్తుంచుకునేదీ లేదు.

అసలు ఈ స్కాచ్ సింగిల్ మాల్ట్ అనే దానికి బ్రిటన్ చట్టంలో లెక్కలు గట్టివి. మొలకెత్తించిన బార్లీ తప్ప వేరే గింజ కలపకూడదు. ఒకే బట్టీలో తయారవ్వాలి. రాగి కుండల్లో విడతలు విడతలుగా వండాలి. 700 లీటర్లు మించని ఓక్ పీపాల్లో, స్కాట్లాండులోనే, కనీసం మూడేళ్లు పండాలి. సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. సీసా మీద 12 అని ఉంటే అందులోని అతి చిన్న చుక్కకు కూడా పన్నెండేళ్లు నిండాలి. లెక్చరర్‌కు ఒక సందేహం వచ్చింది: మరి మనం జీవితమంతా తాగిన విస్కీ ఏమిటి? సారు గ్లాసు కింద పెట్టారు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు.

“చెరుకు పిప్పి పోంగ, శక్కర పోంగ మిగిలిన మడ్డి. దాన్ని పులవబెట్టి కాలమ్ల పోస్తే పైన 95 శాతం స్పిరిట్ వస్తది. దాంట్ల వాసన లేదు, రుచి లేదు. వాసన లేకుంట తీసుడే మా పని. వీళ్లది వాసన పోకుంట తీసుడు. రెండూ కష్టమే బిడ్డా. మాది చిన్నతనం అనుకోకు.” ఆ స్పిరిట్‌కు కాస్త మాల్ట్, కాస్త స్కాచ్, కాల్చిన చక్కెర రంగు కలిపితే మన దేశీ బ్రాండు. దాన్ని యూరప్‌లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు, ధాన్యంతో చేసినదే విస్కీ అంటారు. రంగు విషయంలో మాత్రం స్కాచ్ వాళ్లూ పత్తిత్తులు కారు. కాల్చిన చక్కెర రంగు కలుపుకోవడానికి వాళ్ల చట్టమూ ఒప్పుకుంటుంది.

ఇక నీళ్ల దగ్గర తగాదా వచ్చింది. లెక్చరర్ అలవాటు కొద్దీ జగ్గు ఎత్తి నా గ్లాసులోకి వంచబోయాడు. సారు చెయ్యి అడ్డం పెట్టారు. “చుక్కలు! గంత ధార ఎందుకు? బాబ్లీ గేట్లు ఎత్తినట్టు ఎత్తుతున్నవ్.”

లెక్చరర్ వెంటనే: “సుప్రీంకోర్టు చెబితేనే ఎత్తుతాం సార్. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా. ఇప్పుడు జూలైయే కదా!”

ఆ జోకు అర్థం కావాలంటే ఈ ఒడ్డునో ఆ ఒడ్డునో పుట్టాలి. ధర్మాబాద్ తాలూకాలో గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బరాజ్ మనవాళ్లకు పదేళ్ల గుండెనొప్పి. 2.74 టీఎంసీల కట్టడం. దిగువన ఉన్న శ్రీరాంసాగర్ ఎండిపోతుందని గొడవ. 2010 జూలైలో దాన్ని చూస్తానని బయల్దేరిన చంద్రబాబును, ఆయన ఎమ్మెల్యేలను మహారాష్ట్ర పోలీసులు ధర్మాబాద్‌లో నిర్బంధించారు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు. వానాకాలం నాలుగు నెలలూ గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. అప్పటినుంచీ ఏటా జూలై 1న రెండు రాష్ట్రాల ఇంజినీర్లు నిలబడి గేట్లు ఎత్తించుకుంటారు. మా బల్ల దగ్గర ఆ తీర్పు మళ్లీ అమలైంది. లెక్చరర్ స్పూనుతో అయిదు చుక్కలు వదిలాడు, సారు లెక్కపెట్టారు.

ఈ చుక్కల పట్టింపు సారు చాదస్తం కాదు. 2017లో స్వీడన్ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ మీద లెక్కకట్టి చూశారు. విస్కీకి పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ బాగా ఎక్కువగా ఉంటే దాని మధ్యలో ఇరుక్కుపోతుంది. నీళ్లు కలిపి పలచన చేస్తే పైకి తేలి ముక్కుకు అందుతుంది. నేను నమ్మింది ఆ లెక్కను చూసి కాదు, ఫ్యూజన్ గ్లాసు చూసి. అమృత్ ఫ్యూజన్ 50 శాతం. నీళ్లు పడకముందు ముక్కు మండింది. చుక్కలు పడ్డాక ఓ నిమిషం ఆగి పీలిస్తే నారింజ తొక్క, పొగ, చాక్లెట్ ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి.

మన బార్లీతో పాటు స్కాట్లాండు పొగబార్లీ కలిపి చేస్తారు కాబట్టే దానికి ఆ పేరు. 1948లో బెంగళూరులో మొదలైన ఈ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ను మొట్టమొదట బెంగళూరులో అమ్మలేదు, 2004 ఆగస్టులో నేరుగా గ్లాస్గో వెళ్లి స్కాచ్ వాళ్ల ముందే పెట్టింది. ఆ గుండెధైర్యానికి ఒక పెగ్గు బాకీ ఉన్నాం. 2010 విస్కీ బైబిల్‌లో జిమ్ మర్రే ఫ్యూజన్‌ను ప్రపంచంలో మూడో స్థానంలో పెట్టాడు. సారును ఆకట్టుకున్నది ర్యాంకు కాదు, నష్టం. స్కాట్లాండు చలిలో పీపా లోంచి ఏడాదికి 2 శాతం ఆవిరవుతుంది. బెంగళూరులో పది, పన్నెండు శాతం. అందుకే ఇక్కడ పన్నెండేళ్లు దాచడం కుదరదు, నాలుగైదేళ్లకే పక్వానికి వస్తుంది. “అదే పీపా మన నాందేడ్ ఎండల పెట్టి చూడు, మే నెల దాటంగ మూత తీస్తే కట్టె మిగుల్తది” అన్నారు.

టాలిస్కర్‌ను సారు చివరికి ఆపారు. పొగది ముందు తాగితే వెనక వచ్చేవన్నీ చప్పబడతాయి. స్కాట్లాండు పడమటి కొసన స్కై దీవిలో, 1830లో మొదలైన బట్టీ. 45.8 శాతం. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికి పీట్ అనే బురదమట్టి ఇటుకలు కాలుస్తారు, ఆ పొగ గింజలోకి దిగుతుంది. నేను పీల్చి ఉప్పు అన్నాను. లెక్చరర్ మిరియాలు అన్నాడు. ఇద్దరం సరిపెట్టుకోలేక తులసిమాల ఆయన వైపు గ్లాసు జరిపాం. తాగకూడదు గానీ వాసన చూడకూడదని ఎక్కడా లేదు కదా. ఆయన కళ్లు మూసుకుని ఒక్కసారి పీల్చి, “హుర్డా” అన్నాడు.

హుర్డా అంటే మన ఊచబియ్యం. పాలు పట్టిన పచ్చజొన్న కంకిని పిడకల నిప్పు మీద కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి, ఊదుకుని తినేది. డిసెంబరు, జనవరిలో మరాఠ్వాడా చేలల్లో దాని కోసమే విందులు పెడతారు. ఆ మాట విన్నాక గ్లాసులో ఇంకేదీ కనిపించలేదు. గింజ, నిప్పు, పొగ, కాస్త మాడిన పొట్టు. విస్కీ పుస్తకాలు సముద్రపు పాచి, అయోడిన్ అని రాస్తాయి. ఆ సముద్రం చూడనివాడికి ఆ మాటలు దేనికి? నోటు పుస్తకంలో నేను హుర్డా అనే రాసుకున్నాను.

అప్పుడు చఖ్నాకు అనుమతి వచ్చింది. కొర్రమీను వేపుడు, మసాలా పాపడ్, తులసిమాల ఆయనకు ఉడికించిన పల్లీలు. మాటలు 1995 మీదికి మళ్లాయి. ఆ ఏడు జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేసేదాకా నడిచింది. సారు అప్పుడు బోధన్‌లో. సాలూర దాటి మంజీర వంతెన ఎక్కితే అవతల బిలోలి. “సాయంత్రం బస్సుల పోయేటప్పుడు అందరు మర్యాదస్తులే, వచ్చేటప్పుడు ఎవరి సీటు ఎవరికీ గుర్తుండకపోవు. మేం పగలంతా ఫ్యాక్టరీల స్పిరిట్ తీసి, రాత్రి చుక్క కోసం నది దాటినం.” తర్వాత కథ తిరగబడింది. 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లా పొడిగా ఉంది. అప్పుడు సరిహద్దు దాటే వంతు వాళ్లది, అమ్ముకునే వంతు మన ఆదిలాబాద్ వైపుది. గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఇప్పటికీ ఉంది. నీళ్ల కోసం కొట్టుకునే రెండు రాష్ట్రాలు ఈ ఒక్క సరుకు విషయంలో ఒకదాన్నొకటి బాగానే ఆదుకున్నాయి.

పక్క బల్ల వాళ్ల రెండో ఫుల్ సగానికి వచ్చింది, ఒకాయన పాట అందుకున్నాడు. మా నలుగురిలో తాగిన ముగ్గురికీ తలా ఎనభై మిల్లీలీటర్లు పడ్డాయి. బిల్లు మాత్రం వాళ్లదానికంటే మాదే ఎక్కువ.

మర్నాడు శ్రావణం మొదటి రోజు. తలస్నానం చేసి తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్‌కు వెళ్లాను. గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన చోటు, సిక్కుల అయిదు తఖ్తుల్లో ఒకటి. మహారాజా రంజిత్ సింగ్ పంజాబ్ నుంచి డబ్బు పంపి 1832 నుంచి 1837 మధ్య దీన్ని కట్టించాడు. నిజాం నేల మీద లాహోర్ రాజు కట్టించిన గుడి, ఇప్పుడు మరాఠీ రాష్ట్రంలో, లంగర్‌లో వడ్డించే సేవకుడు నన్ను “ఇంకో రొట్టె పెట్టనా అన్నా” అని తెలుగులో అడిగాడు. సిక్కు మర్యాదలో మత్తు పదార్థం ఏదీ చెల్లదు. నాందేడ్ వచ్చేవాళ్లలో చాలామంది ఈ గుమ్మం కోసమే వస్తారు. మీరూ దీనికోసమే రండి. బారు కోసం రానక్కర్లేదు, అవే సీసాలు హైదరాబాద్‌లో ఇంకా ఎక్కువ రకాలు దొరుకుతాయి. వచ్చినప్పుడు కెమిస్టు లాంటి మనిషి, హుర్డా తిన్న ముక్కు మీ బల్ల దగ్గర ఉంటే మాత్రం ఆ సాయంత్రం వదులుకోకండి.

నాలుగింటి మీద నా తీర్పు ఇది. గ్లెన్‌ఫిడిక్ ఎవరైనా పోస్తే తాగుతాను. గ్లెన్‌లివెట్ పిస్టళ్ల కథ తెలియని స్నేహితుడు దొరికితే తెప్పిస్తాను. ఫ్యూజన్ సొంత డబ్బుతో కొంటాను. టాలిస్కర్ అన్నిటికంటే నచ్చింది, కానీ సీసా కొనే స్తోమత లేదు. సుంకం 40కి దిగిన ఏడు చూద్దాం.